పదికి మూడు దాటని బాధలు

మనసు పాడైతే మా టాల్మన్ కౌంటీలోనే పాడవ్వాలి! ఇంకెక్కడ పాడైనా దండగే!

ఊరికే గొప్పలు పోతున్నాననుకోకండి. మా కౌంటీ మొత్తానికి మానసిక ఆరోగ్య కేంద్రం ఒక్కటే. అందులో కౌన్సెలరు ఒక్కావిడే. ఆవిడైనా సోమ, బుధ, శుక్రవారాల్లోనే ఉంటుంది. అయితేనేం? నదికి ఇవతల గుట్ట మీద మా కమ్యూనిటీ కాలేజీ ఉంది కదా! ఈ సెమిస్టరు అందులో కౌన్సెలింగ్ చదువుతున్నవాళ్ళు అక్షరాలా అరవై నలుగురు. నయం చేసే మనిషి ఒకరు, నయం చేయడం నేర్చుకునేవాళ్ళు అరవై నలుగురు! ఒహాయో నది పొడుగునా వెతికి చూడండి, ఇంతటి వైభవం ఇంకో ఊళ్ళో కనిపిస్తుందేమో.

ఆ అరవై నలుగురిలో నేనూ ఒకణ్ణి.

నవ్వకండి. నా పేరు వెండెల్ టక్‌వెల్. వయసు యాభై ఎనిమిది. మొన్న మార్చి దాకా, ఇరవై తొమ్మిదేళ్ళపాటు, నది ఒడ్డు ఫ్యాక్టరీలో కమోడ్లు తయారుచేశాను. మీలో చాలామంది ఈ పత్రికని ఎక్కడ కూర్చుని చదువుతారో నాకు తెలుసు. మీరు కూర్చున్నది నేను చేసిందే అయ్యుండొచ్చు. అంచు నున్నగా ఉంటే నా పనితనం. ఎక్కడైనా చిన్న గీరుడు తగిలితే అది మా తమ్ముడు ఆర్లిస్ పని. వాడిదీ నాదీ పక్కపక్క బల్లలు.

ఇంకో మాట. ఎడిటరు గారు నా కాలమ్‌ని ఆరో పేజీలో, నది నీటిమట్టం పట్టిక పక్కన పడేస్తున్నారు. చేపలు పట్టేవాళ్ళు తప్ప ఆ పేజీ ఎవరూ తిప్పరని ఆయన నమ్మకం. నాకేమీ అభ్యంతరం లేదు. నాకు కావలసిన పాఠకుడు ఆ పేజీనే తిప్పుతాడు.

సరే, చదువు సంగతికి వద్దాం. ఫ్యాక్టరీ మూసేసిన కబురు మాకందరికీ ఫోనులో వచ్చింది. పొద్దున్నే, పెనం మీద గుడ్లు వేగుతుండగా. మనిషి కూడా కాదు, రికార్డు చేసిన గొంతు. "మీ సేవలకు కృతజ్ఞతలు. సోమవారం నుంచి మీరు రానవసరం లేదు. ఈ సందేశాన్ని మళ్ళీ వినడానికి ఒకటి నొక్కండి."

ఆర్లిస్ ఒకటి నొక్కాడు. ఏడుసార్లు నొక్కాడని వాళ్ళావిడ నాడీన్ చెప్పింది.

ఆ తర్వాత ప్రభుత్వం మామీద జాలిపడి కాలేజీలో మళ్ళీ శిక్షణ ఇస్తానంది. మూడు కోర్సులు చూపించింది. వెల్డింగు, లారీ డ్రైవింగు, మానసిక ఆరోగ్య సహాయకుడు. వెల్డింగు కాగితంలో నడుము గట్టిగా ఉండాలని రాశారు. లారీ కాగితంలో కళ్ళు బాగుండాలని రాశారు. మూడో కాగితంలో ఏ షరతూ లేదు! నడుమూ కళ్ళూ పోయినవాడి చేతికి ఏం అప్పగించాలో ప్రభుత్వానికి బాగా తెలుసు. జనం మనసులు అప్పగించింది.

కానీ నేను చేరింది నడుము కోసం కాదు. ఆర్లిస్ కోసం.

ఆ ఫోను వచ్చిన వారానికే మా వాడు గ్యారేజీలో మడత కుర్చీ వేసుకున్నాడు. మూసిన తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. పొద్దున కూర్చుంటే చీకటిపడేదాకా అంతే. ఎవరన్నా మాట్లాడితే మొహం తిప్పుకుంటాడు. ఫోను మోగితే తీయడు. నదికి వెళ్ళడం కూడా మానేశాడు. నది దగ్గర పుట్టి, నది దగ్గర పెరిగి, ఆదివారం ప్రార్థనకి కూడా చేపల వాసనతో వచ్చేవాడు!

జూన్‌లో నాడీన్ కేంద్రానికి వెళ్ళి వాడి పేరు రాయించింది. వెయిటింగ్ లిస్టులో నూట డెబ్భై ఆరో నంబరు వచ్చింది.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగిందట.

"ఏడు నెలలు అనుకోండి. ఈలోపు ఆయన్ని మనసు కష్టపెట్టుకోవద్దనండి," అన్నారట కిటికీలోంచి.

చూశారా ఎంత దయో! పన్ను నొప్పి అని వెళ్ళి చూడండి, ఇవాళే రమ్మని ఊడబీకేస్తారు. ఆ నొప్పిని నాలుగు రోజులు అనుభవించే భాగ్యం ఉంటుందా మనకి? మనసు నొప్పికి ఏడు నెలల గడువు! తీరిగ్గా కూర్చుని, బాధని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకోవచ్చు. ఇంతకన్నా ఏం కావాలి?

నాకు మాత్రం అంత ఓపిక లేకపోయింది. ఆ కేంద్రంలో చెప్పే నాలుగు మాటలేవో నేనే నేర్చుకుని వాడికి చెప్తే పోలా అనుకున్నాను. ఆగస్టులో పుస్తకాల సంచీ తగిలించుకుని గుట్ట ఎక్కాను.

ఈ చదువు వల్ల ఊరికి జరిగిన మేలు చెప్పమంటారా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు!

నది రోడ్డు హోటల్లో వడ్డించే ఫెర్న్ ఉంది కదా, నాకన్నా ఒక సెమిస్టరు ముందు చేరింది. ఒకప్పుడు గుడ్లు అడిగితే గుడ్లు తెచ్చేది. ఇప్పుడు పెన్సిలు కింద పెట్టి, తల కాస్త పక్కకి వంచి, "మీకు గుడ్లు కావాలని నాకు వినిపిస్తోంది," అంటుంది. వినిపించింది కదా తల్లీ, తీసుకురావచ్చు కదా! ఊహూ. ఆ కోరిక వెనక ఏ భావం ఉందో తేలేదాకా పెనం పొయ్యెక్కదు.

క్షౌరశాల డ్యూయీ నా నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ దువ్వుతూ, అద్దంలో నా కళ్ళలోకి చూస్తూ, "ఈ నష్టాన్ని ఎలా తట్టుకుంటున్నారు?" అన్నాడు. ఆ క్షణం వరకు నేను బాగానే తట్టుకున్నాను.

మా ఊరి అగ్నిమాపక దళంలో నలుగురు మా క్లాసువాళ్ళే. మొన్న ఒకావిడ ఇంటి చిమ్నీ అంటుకుంటే గంట మోగించుకుంటూ వచ్చారు. "మీరు కంగారుపడుతున్నట్టున్నారు. ఆ కంగారు మీకు ఎక్కడ తెలుస్తోంది?" అని అడిగారట.

"మా ఇంటికప్పులో!" అందట ఆవిడ.

ఇక మేం విద్యార్థులం ఇద్దరం ఎదురుపడితే చూడాలి. "ఎలా ఉన్నారు?" అంటాడొకడు. "మీరలా అడగడం నాకు బాగుంది. మీరెలా ఉన్నారు?" అంటాడు రెండోవాడు. అలా అడుగుతూ, తలలూపుతూ, కార్ల మీద మంచు పడేదాకా నిలబడతాం. ఇద్దరూ వినేవాళ్ళే. చెప్పేవాడు లేడు!

అందుకే కాలేజీవాళ్ళు చెప్పేవాడిని కూడా క్లాసులోనే తయారుచేస్తారు. ఆ పద్ధతి వినండి. ముగ్గుర్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఒకరు కౌన్సెలరు. ఒకరు బాధ చెప్పుకునే మనిషి. ఒకరు పరిశీలకుడు. పరిశీలకుడి చేతిలో పద్నాలుగు గళ్ళ కాగితం ఉంటుంది. కళ్ళలోకి చూశాడా? తల ఊపాడా? చెప్పినదాన్నే తిరిగి చెప్పాడా? చేతులు కట్టుకోకుండా కూర్చున్నాడా? ఒక్కో దానికి ఒక్కో టిక్కు. పావుగంటకి కుర్చీలు మారాలి.

మా బల్ల దగ్గర నాతోపాటు ట్రిషెల్, గార్లండ్. ట్రిషెల్‌కి ఇరవై మూడేళ్ళు, హైవే పక్కన చవక సామాన్ల దుకాణంలో క్యాషియరు. గార్లండ్ జైలు గార్డుగా రిటైరయ్యాడు. ఆయనకి తల ఊపడం నేర్పడానికి మూడు వారాలు పట్టింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన తలని అడ్డంగా తప్ప ఊపలేదు.

ఇందులో ఒక నియమం ఉంది. చెప్పుకునే బాధ సొంతదే అయ్యుండాలి, నటన పనికిరాదు. కానీ అది పదికి మూడు దాటకూడదు! పది అంటే ఇక భరించలేనిది. ఒకటి అంటే గోరు విరగడం. మా టీచరు పెల్‌హామ్ మేడం మొదటి రోజే బోర్డు మీద గీత గీసి చూపించింది. "మీరింకా నేర్చుకుంటున్నవాళ్ళు. మూడు దాటితే మీ చేతుల్లో పెట్టకూడదు. అవి కేంద్రానికి పంపాలి," అంది. న్యాయమే. ఈత నేర్పేవాళ్ళు మొదట మోకాలి లోతు దాటనివ్వరు కదా.

దాంతో మా క్లాసులో ఎంత చక్కటి బాధలు వినిపించేవో! గార్లండ్ పక్కింటివాళ్ళ ఆకులూడ్చే మిషను చప్పుడు గురించి మూడు వారాలు బాధపడ్డాడు. ట్రిషెల్‌కి వాళ్ళత్త పంపిన స్వెటరు చేతులు పొట్టివయ్యాయి. ఒకతను తన సూపు ఎప్పుడూ చల్లారిపోతోందని చెప్తూ నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. పదికి మూడు దాటని బాధలకి మా కౌంటీలో ఉన్నంత వైద్యం ప్రపంచంలో ఎక్కడా లేదు!

నా దగ్గర చిన్న బాధ ఒక్కటీ లేకపోయింది. ఉన్నది ఒకటే. అది పెద్దది. దాన్ని అటూ ఇటూ చెక్కి మూడుకి దించాల్సి వచ్చింది.

"మా కుక్క గూట్లోంచి బయటికి రావడం లేదు," అన్నాను. నాకు కుక్క లేదు.

ట్రిషెల్ ముందుకి వంగింది. "ఎన్నాళ్ళ నుంచండీ?"

"మార్చి నుంచి."

"మార్చిలో ఏం జరిగింది దానికి?"

"పనిలోంచి తీసేశారు."

గార్లండ్ కాగితం మీంచి తలెత్తాడు. "కుక్కనా?"

"కాపలా కుక్క," అన్నాను.

"అదీ సంగతి! మా జైల్లో కూడా ఒకటుండేది. రిటైరు చేశాక రోజంతా గేటు కేసి చూస్తూ పడుకునేది పాపం," అన్నాడు గార్లండ్. పరిశీలకుడు నోరెత్తకూడదని గుర్తొచ్చి, గబుక్కున వంగి ఏదో టిక్కు పెట్టుకున్నాడు.

అలా సెమిస్టరు పొడుగునా ముగ్గురం కలిసి ఆ కుక్కని బాగుచేశాం. తిడుతున్నారా దాన్ని అని అడిగారు. తిట్టాను అని ఒప్పుకున్నాను. బయటికి రమ్మని బలవంతపెట్టారా అన్నారు. పెట్టాను అన్నాను. "పిలవకండి. ఊరికే వెళ్ళి పక్కన కూర్చోండి. మీరున్నారని దానికి తెలిస్తే చాలు," అంది ట్రిషెల్. మర్నాడు బిస్కెట్ల పొట్లం కూడా తెచ్చింది. "పల్లీ వెన్న రుచండీ. ఏ కుక్కైనా లేచి వస్తుంది," అంది. ఆ పొట్లం ఇప్పటికీ నా కారులోనే ఉంది.

నేను వెళ్ళి గ్యారేజీలో రెండో మడత కుర్చీ వేసుకున్నాను. పిలవలేదు. తిట్టలేదు. ఇద్దరం మూసిన తలుపు వైపు చూస్తూ గంటన్నర కూర్చున్నాం.

"ఏంటన్నా, నీకు ఇల్లు లేదా?" అన్నాడు ఆర్లిస్.

పదకొండు రోజుల తర్వాత వాడు మాట్లాడిన మొదటి మాట అది. ఇంటికెళ్ళేటప్పుడు నేను కారులో గట్టిగా పాట పాడుకున్నానంటే నమ్మండి. చదువు గొప్పదే! కాదని నేనెప్పుడన్నాను?

తొమ్మిదో వారం మేడం బోర్డు మీద ప్రమాద సూచనలు రాసింది. రాసుకుంటూ పోతున్నాను. నాలుగోది, ప్రాణంగా చూసుకున్న వస్తువులు పంచిపెట్టేయడం. నా పెన్ను అక్కడే ఆగిపోయింది.

అంతకుముందు శనివారమే ఆర్లిస్ తన గాలాలన్నీ పక్కింటాయనకి ఇచ్చేశాడు. గాలం దారం చుట్టే రీలు నాకిచ్చాడు. పదహారేళ్ళప్పుడు కొనుక్కున్న రీలు అది. నేను ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని నలభై ఏళ్ళు బెదిరించాడు. "నాకెందుకులే అన్నా, నువ్వుంచుకో," అన్నాడు. నేను బుద్ధిలేనివాణ్ణి, సంతోషించాను! మంచి రీలు వచ్చిందని సంతోషించాను.

ఆరోజు బల్ల దగ్గర నా వంతు వచ్చింది. చెప్పాలి, కానీ మూడు దాటకూడదు. "మా కుక్క తన ఎముకని పక్కింటి కుక్కకి ఇచ్చేసింది," అన్నాను.

"అయ్యో, ఎంత మంచి మనసండీ దానిది!" అంది ట్రిషెల్.

గార్లండ్ కాగితంలో 'గుర్తించిన బలాలు' అన్న గడిలో 'దానగుణం' అని రాశాడు. ఆరోజు మా బల్లకి పద్నాలుగుకి పద్నాలుగు వచ్చాయి.

క్లాసయ్యాక మేడం దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. కుక్క లేదని, తమ్ముడున్నాడని.

"వెండెల్, ఇది మూడు కాదు."

"తెలుసు మేడం."

"ఎంత?"

"తొమ్మిది."

ఆవిడ కోటు వేసుకోబోతున్నదల్లా ఆగి, కుర్చీలో కూలబడింది. అక్కడి నుంచే కేంద్రానికి ఫోను చేసింది, బతిమాలింది, గొంతు పెంచింది. లిస్టు ప్రకారమే అన్నారు వాళ్ళు. ఆవిడని కూడా నాలుగు తిట్టి ఈ కాలమ్ నింపుదామని చాలా ప్రయత్నించాను. మంచి మనిషి, కుదరలేదు.

అత్యవసరానికి వేరే నంబరు ఉంది, అది ఇచ్చింది. ఆ సాయంత్రమే గ్యారేజీలోంచి చేశాను. అవతల అమ్మాయి ఎంతో నెమ్మదిగా మాట్లాడింది. ఇంట్లో ఏవి ఉంచకూడదో చెప్పింది. "ఆయన్ని ఒక్కసారి లైనులోకి ఇవ్వండి," అంది. ఫోను ఆర్లిస్ ముందు పెట్టాను.

వాడు మొహం తిప్పేసుకున్నాడు. "వాళ్ళేం చెప్తారో నాకు తెలుసులే. మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కమంటారు," అన్నాడు.

జింకల వేటకి వాడే వాడి తుపాకీ ఆ సాయంత్రమే మా ఇంటికి తెచ్చేశాను, శుభ్రం చేసి ఇస్తానని చెప్పి. ఐదు వారాలయింది. ఇంకా శుభ్రం చేస్తూనే ఉన్నాను.

ఇప్పుడు అసలు వైభవానికి వస్తున్నాను. సెమిస్టరు చివర మాకు నలభై గంటల ఫీల్డు పని ఉంటుంది. ఎక్కడనుకున్నారు? ఆ కేంద్రంలోనే! మనసు బాగాలేనివాళ్ళు ఆ గుమ్మం దాటడానికి ఏడు నెలలు పడుతుంది. బాగున్నవాళ్ళం కదా, మమ్మల్ని మొదటి రోజే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు.

మనుషులతో మాట్లాడే పని ఇస్తారనుకున్నాం. డైరెక్టరు గారు ఒక్కొక్కరికీ ఒక ఫోను, ఒక కాగితం ఇచ్చారు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి ఫోను చేయాలి. "మీరు ఇంకా లిస్టులో ఉంటారా?" అన్న ఒక్క ప్రశ్న అడగాలి. ఉంటానంటే ఒక గడిలో టిక్కు. పేరున్న మనిషే జవాబు చెప్పాలి, ఇంట్లోవాళ్ళ మాట చెల్లదు. సందేశం వదలకూడదు, అది గోప్యతకి భంగం. ఆరు రింగులు చూడాలి. తీయకపోతే రెండో గడిలో టిక్కు. ఆ గడి పేరు 'సేవలు అవసరం లేదు'.

రెండు వారాలు, వారానికి రెండు రోజులు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రింగులు లెక్కపెట్టాం. రెండువందల పన్నెండు మంది ఉన్న లిస్టు నూట పందొమ్మిదికి దిగింది! డైరెక్టరు గారు నీలం క్రీము పూసిన కేకు తెప్పించారు. "తొంభై మూడు మందికి ఇక మన అవసరం లేదు!" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. కేకు కూడా తిన్నాను.

ఆలోచించండి! తొంభై మూడు మంది! ఒక్క కౌన్సెలరు మొహమైనా చూడకుండా, ఒక్క మందుబిళ్ళయినా మింగకుండా, కేవలం ఆరు రింగుల్లో బాగైపోయారు! వైద్యంలో ఇంతకన్నా వేగం ఎక్కడైనా ఉందా?

"అయ్యా, ఫోను తీయలేనివాడికే కదా జబ్బు ఎక్కువగా ఉండేది?" అని అడిగాను నోటినిండా కేకుతో.

"మంచి ప్రశ్న. కానీ ఆ గడి మన కాగితంలో లేదు," అన్నారాయన.

మూడో వారం నా చేతికి వచ్చిన కాగితంలో, పైనుంచి ఐదో పేరు, ఆర్లిస్ టక్‌వెల్.

చేశాను. ఒకటి. రెండు. నాడీన్ బడి వంటశాలలో పనిలో ఉంటుంది, రెండింటికి గాని రాదు. మూడు. ఫోను వంటింటి గోడకి ఉంటుంది. నాలుగు. వంటింటికీ గ్యారేజీకీ మధ్య ఒకటే తలుపు, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఐదు. తీయరా. ఆరు. తీయరా నాయనా, నేనేరా. ఏడు. ఎనిమిది.

"ఆరు దాటాయి వెండెల్ గారూ," అన్నారు డైరెక్టరు గారు నా వెనక నిలబడి.

అప్పుడు నేనొక పని చేశాను. ఫోను దగ్గరగా పెట్టుకుని, "అలాగేనండీ ఆర్లిస్ గారూ! లిస్టులో ఉంటానంటారు, అంతే కదా? చాలా సంతోషం," అని గట్టిగా చెప్పి, మొదటి గడిలో టిక్కు పెట్టాను.

"అవతల ఇంకా మోగుతోందండీ," అన్నారాయన.

నిజమే. గదిలో అందరికీ వినిపిస్తోంది.

ఫీల్డు పనిలో నేను తప్పాను. నిజాయితీ గడిలో సున్నా. బంధువుల విషయంలో హద్దులు పాటించడం, అక్కడా సున్నా. ఈ వయసులో రెండు సున్నాలు సంపాదించాను, గోడకి తగిలించుకుంటాను. కానీ ఒక మేలు జరిగింది చూడండి! బంధువు చేసిన ఫోను చెల్లదట. అందుకని ఆర్లిస్ పేరు ఇంకా కొట్టేయలేదు. ఇంకో విద్యార్థి మళ్ళీ చేయాలట. వచ్చే మంగళవారం, పొద్దున పదింటికి. అదే ఆఖరు.

నా కాగితం ట్రిషెల్ చేతికి వెళ్ళింది. సాయంత్రం కార్ల దగ్గర నన్ను పట్టుకుంది.

"వెండెల్ గారూ, మీ కుక్క పేరు ఆర్లిస్సా?"

"అవునమ్మా."

ఆ అమ్మాయి తల ఊపలేదు. నేను చెప్పినదాన్ని తిరిగి చెప్పలేదు. కళ్ళలోకి కూడా చూడలేదు, చేతులు కట్టుకుని నేల కేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. పద్నాలుగు గళ్ళలో ఒక్క టిక్కు పడదు. మార్చి నుంచి నా బాధ నిజంగా విన్నది ఆ పిల్ల ఒక్కతే.

"నాకు ఆరు దాకా లెక్కపెట్టడం సరిగ్గా రాదండీ. దుకాణంలో కూడా మా మేనేజరు తిడుతూనే ఉంటాడు," అని ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

కాబట్టి పాఠకులారా, ఇవీ మా కౌంటీ వైభవాలు. మీలో ఎవరి బాధైనా పదికి మూడు లోపు ఉంటే వెంటనే కాలేజీకి రండి, అరవై మూడు మంది తలలూపడానికి సిద్ధంగా ఉన్నారు. మూడు దాటితే ఇంట్లోనే ఉండండి, ఆరు రింగులు వస్తాయి. మిగతావాళ్ళు ఇక ఏడో పేజీకి వెళ్ళొచ్చు. ఈ కింది నాలుగు ముక్కలూ ఒక్కడి కోసమే రాశాను.

ఆర్లిస్! ఎదురుగా చెప్తే మొహం తిప్పుకుంటావు. అచ్చులో ఉంటే చివరిదాకా చదువుతావు, నాకు తెలుసు. గాలాలన్నీ ఇచ్చేసినా, ప్రతి గురువారం ఈ పేజీ తిప్పి నది ఎంతుందో పెన్సిలుతో గీత పెట్టుకుంటున్నావని నాడీన్ చెప్పింది. ఆ గీతలు చూసే నేనింకా ఆశ వదులుకోలేదు. నీ సంగతి ఊరందరి ముందు పెట్టానని తిట్టుకుంటావు. తిట్టుకోరా, వచ్చి పక్కన కూర్చుంటాను, తీరిగ్గా తిట్టు.

మంగళవారం పదింటికి ఫోను మోగుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు కాదు. రికార్డు గొంతు కాదు, ఒకటి నొక్కమనరు. ట్రిషెల్ అని మంచి పిల్ల. నీకోసం బిస్కెట్లు కూడా కొంది, ఎందుకని మాత్రం అడక్కు. లిస్టులో ఉంటారా అని అడుగుతుంది. ఉంటాను అను. నేను పక్క కుర్చీలోనే ఉంటాను గాని ఫోను నేను తీయకూడదు. ఉంటావని నేను చెప్తే చెల్లదు, నువ్వే చెప్పాలి.

నీ కుర్చీ నుంచి వంటింటి గోడ దాకా పన్నెండు అడుగులు, నేను కొలిచాను. లేవడం ఒకటి. నడవడం ఒకటి. ఉంటాను అనడం ఒకటి. మొత్తం పదికి మూడే రా. మిగతా ఏడూ తర్వాత ఇద్దరం చూసుకుందాం.